పాత బొమ్మరైలు పాయింట్లు బద్ధకిస్తే: ముందు ఆయిల్ డబ్బా పక్కన పెట్టండి

బటన్ నొక్కగానే ‘టక్’మని అటు నుంచి ఇటు పడాల్సిన పట్టా, ‘జుయ్’మని మూలుగుతూ సగం దాకా జరిగి ఆగిపోతుంది. ఇంకోసారి నొక్కితే పడుతుంది. ఆ తర్వాత మళ్ళీ పడదు. సరిగ్గా అదే టైముకు ఇంజన్ పాయింట్ల మీదికి, అంటే బండిని ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్ళించే పట్టాల మీదికి, వచ్చిందంటే ముందు చక్రాలు ఒక దారి, వెనక చక్రాలు ఇంకో దారి పట్టి బండి పక్కకు ఒరుగుతుంది. అరవై డెబ్బై ఏళ్ళ నాటి బొమ్మరైలు సెట్టును దాచుకున్నవాళ్ళకు ఏదో ఒక రోజు ఈ టెన్షన్ తప్పదు.

మా కాజీపేట, హనుమకొండ వైపు ఇలాంటి సెట్లు కొన్ని ఇళ్ళలో అటకల మీద ఇప్పటికీ ఉన్నాయి. రైల్వే క్వార్టర్లు ఖాళీ చేసి వెళ్ళిన కుటుంబాల నుంచి చేతులు మారినవి కొన్ని. అమెరికాలో కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్ళిన పెద్దవాళ్ళు, మనవడి కోసమని పాత సామాన్ల అమ్మకంలో కొని సూట్‌కేసులో పెట్టుకొచ్చినవి ఇంకొన్ని. ఇంగ్లండ్‌లో మెకానో కంపెనీ 1938లో మొదలుపెట్టిన హార్న్‌బీ డబ్లో, అమెరికా లయనెల్, జర్మనీ మార్క్‌లిన్... కంపెనీ ఏదైనా పాయింట్ల జబ్బు లక్షణాలు ఇంచుమించు ఒకటే. వీటిని బాగుచేసే షాపు మన దగ్గర లేదు కాబట్టి ఎవరి సెట్టుకు వాళ్ళే స్క్రూ డ్రైవర్ పట్టుకుంటారు. పట్టుకోగానే చేసే మొదటి పని నాలుగు చుక్కల ఆయిల్ వేయడం. నా లెక్కలో పాయింట్లకు ఎక్కువ చేటు చేసేది ఆ నాలుగు చుక్కలే.

పాయింట్లు నెమ్మదించాయంటే, తోసే బలానికీ అడ్డుకునే రాపిడికీ మధ్య తేడా బాగా తగ్గిపోయిందని అర్థం. బలం తగ్గి ఉండొచ్చు, రాపిడి పెరిగి ఉండొచ్చు, లేదా రెండూ కొంచెం కొంచెం జరిగి ఉండొచ్చు. బలం సంగతి కరెంటుది, రాపిడి సంగతి మెకానిజానిది. ఈ రెంటినీ కలగాపులగం చేయకుండా విడివిడిగా పరీక్షిస్తే, పైసా ఖర్చు పెట్టకముందే తప్పు ఎక్కడుందో దాదాపు తెలిసిపోతుంది. ఆయిల్ వేశామంటే మాత్రం ఆ పరీక్షే చెడిపోతుంది. రాపిడి కొన్నాళ్ళు తగ్గినట్టు కనిపిస్తుంది, అసలు కారణం లోపలే దాక్కుంటుంది.

ప్లంజర్‌కు ఎంత బలం వస్తుంది

పాత పాయింట్లలో ఎక్కువ వాటికి రెండు కాయిల్స్ ఉంటాయి. వాటి మధ్య ఒక ఇనుప ప్లంజర్ అటూ ఇటూ జరుగుతుంది. ఒక కాయిల్‌కు కరెంటు ఇస్తే ప్లంజర్ అటు దూకుతుంది, రెండోదానికి ఇస్తే ఇటు. ప్లంజర్‌కు తగిలించిన కడ్డీయో లివరో టంగ్ రైల్‌ను, అంటే పాయింట్లలో కదిలే పట్టాను, పక్కకు తోస్తుంది.

ఇక్కడ రెండు విషయాలు తెలిస్తే మిగతాదంతా సులువు. మొదటిది, కాయిల్ లాగే బలం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. కరెంటు పదోవంతు తగ్గితే బలం దాదాపు ఐదోవంతు తగ్గుతుంది. కరెంటు సగమైతే మిగిలే బలం నాలుగోవంతే. వోల్టేజి కాస్త తగ్గితే ఏమవుతుందిలే అనుకునే చోట పాయింట్లు ఏకంగా మొండికేయడానికి కారణం ఇదే. రెండోది, ప్లంజర్ కాయిల్‌కు దూరంగా ఉన్నప్పుడు లాగుడు తక్కువ, లోపలికి వచ్చేకొద్దీ ఎక్కువ. అంటే ప్రయాణం మొదట్లోనే బలం అన్నిటికంటే తక్కువ. అంటుకుపోయిన జిడ్డు పట్టి ఉంచేది కూడా సరిగ్గా అప్పుడే.

అందుకని పాయింట్లు ఎక్కడ ఆగుతున్నాయో చూడాలి. మూలుగుతున్నా అసలు కదలకపోతే బలం చాలడం లేదు, లేదా ప్లంజర్ గూట్లో అంటుకుంది. బాగానే బయల్దేరి, పట్టాకు ఆనబోయే ముందు ఆగితే దారిలో ఏదో అడ్డుంది: ఇసుక రేణువు, వంగిన కడ్డీ, మెలిపడిన ఫ్రేము. ఒక వైపు చురుగ్గా పడి రెండో వైపు మాత్రం బద్ధకిస్తే, బటన్ దగ్గర రెండు కాయిల్స్ తీగలను తారుమారు చేసి మళ్ళీ నొక్కండి. ఇప్పుడు బద్ధకం రెండో దిశకు మారిందంటే తప్పు బటన్‌ది. అదే దిశలో మిగిలిందంటే తీగదో కాయిల్‌దో మెకానిజందో. రెండు నిమిషాల పని, ఏ పరికరమూ అక్కర్లేదు.

చేత్తో చూసే పరీక్ష

కరెంటు తీగలన్నీ ఊడదీయండి. లివర్‌ను, లేదా టంగ్ రైల్‌నే, వేలి కొసతో నెమ్మదిగా అటూ ఇటూ తోయండి. మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా జరగాలి. ఎక్కడైనా బరువు తగిలితే, వదలగానే కాస్త వెనక్కి వస్తే, ఆ చోటును పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. పెకో కంపెనీ పాయింట్ల వంటి వాటిలో పట్టాను రెండు కొసల్లోనూ నొక్కి ఉంచే స్ప్రింగు ఉంటుంది కాబట్టి నడిమధ్యన కొంత బరువు మామూలే. అది దాటగానే పట్టా తనంతట తానే అవతలికి పడాలి.

తర్వాత పాయింట్లను బోర్డుకు బిగించిన స్క్రూలు ఒక చుట్టు వదులు చేసి మళ్ళీ తోసి చూడండి. ఈ పరీక్షను చాలామంది వదిలేస్తారు, కానీ మన వాతావరణానికి ఇది తప్పనిసరి. వరంగల్ ఎండకు ఎండి, వానాకాలం తేమకు ఉబ్బిన ప్లైవుడ్ సమతలంగా ఉండదు. దాని మీద స్క్రూలు గట్టిగా బిగిస్తే పాయింట్ల ఫ్రేము కూడా బోర్డుతో పాటు మెలి తిరుగుతుంది. ఫ్రేము వెంట్రుకంత మెలిపడినా కడ్డీ పట్టేస్తుంది. టేబుల్ మీద విడిగా పెడితే బ్రహ్మాండంగా పనిచేసి, లేఅవుట్‌లో బిగించగానే మొరాయించే పాయింట్లన్నిటినీ ముందు దీనికోసమే అనుమానించాలి. స్క్రూ కొసాకు తిప్పకుండా పాయింట్లు కదలనంత మాత్రం బిగించి, ఖాళీ ఉన్న చోట సన్నని అట్టముక్క దూరిస్తే చాలు. అసలు రైల్వేలో స్లీపర్ల కింద కంకర కుక్కి ప్యాకింగ్ చేసేది కూడా పట్టా మట్టం కోసమే కదా.

మా వీధిలో రిటైరైన లోకో పైలట్ ఒకాయన లయనెల్ 022 పాయింట్లు పట్టుకొచ్చారు. 1938లో మార్కెట్‌లోకి వచ్చి 1960ల దాకా అమ్ముడైన మోడల్ ఇది. మూడు పట్టాల ట్రాకు, పట్టాల మధ్య ఎడం 31.75 మిల్లీమీటర్లు, పక్కన ఎరుపు ఆకుపచ్చ లాంతరు.

“తమ్మీ, దీనికి రెండు సుక్కలు మిషన్ ఆయిల్ ఏస్తే అయిపోదా?”

“అన్నా, ఆగుండ్రి. ఇంతకు ముందు ఎవరో ఏసినట్టే ఉన్నది. మూత తీసి సూద్దాం.”

మోటార్ మూత తీస్తే అనుకున్నదే అయింది. ప్లంజర్ మీద ముదురు గోధుమ రంగు పొర ఒకటి గట్టిపడి, దానిలో దుప్పటి నూలుపోగులు, సన్నని దుమ్ము అంటుకుని ఉన్నాయి. పాత ఆయిల్ గాలి తగిలి ఆక్సీకరణ చెందుతుంది, తేలిక భాగం ఆవిరై పోతుంది, మిగిలింది ముదిరిన బెల్లం పాకంలా బిగుసుకుంటుంది. దాని మీద కొత్త ఆయిల్ వేస్తే ఒక వారం మెత్తబడుతుంది. తర్వాత దుమ్మును ఇంకా ఎక్కువ పట్టుకుని మరింత బిగుస్తుంది. ఆ 022ను గోరుతో తోస్తే పట్టా సగం దూరం దాకా బంకలో కదిలినట్టు కదిలి, అక్కడి నుంచి తేలిగ్గా వెళ్ళిపోయింది. పట్టాలో లోపం లేదని, ప్లంజర్ గూడే పట్టేస్తోందని అప్పుడే అర్థమైంది.

ఇలాంటి చోట చేయాల్సింది కడగడం. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఎలక్ట్రానిక్స్ సామాన్ల షాపుల్లో దొరుకుతుంది, దూది చుట్టిన పుల్లతో అద్ది తుడవాలి. ప్లంజర్‌ను బయటికి తీసి తుడిచాక, కాయిల్ మధ్యనున్న గొట్టాన్ని కూడా పుల్ల తెల్లగా వచ్చేదాకా తుడవాలి. ఆయన పాయింట్లకు గొట్టంలోనే ఎక్కువ మడ్డి ఉంది. ఆరాక ప్లంజర్‌ను గొట్టంలో పెట్టి మోటార్‌ను వంచితే తన బరువుకే జారి కిందికి రావాలి. అలా జారితే ఆ భాగం పని అయినట్టే, అక్కడ ఇంకేమీ వేయకూడదు. ప్లంజర్, గొట్టం పొడిగా ఉండాలి.

ఏది వాడకూడదో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో చేతికి దొరికేవి అవే. గ్యాస్ నూనె జిడ్డును కరిగిస్తుంది గానీ తనే ఒక పొర వదిలి వెళ్తుంది. పెయింట్ థిన్నర్, బండి కార్బురేటర్ క్లీనర్ ప్లాస్టిక్‌ను తినేస్తాయి. లాంతరు మూత వాటికి తగిలితే ఇక మళ్ళీ రాదు. కరోనా రోజుల్లో కొన్న శానిటైజర్ మిగిలి ఉందని దానితో తుడవొద్దు, అందులో నీళ్ళు, చాలా వాటిలో గ్లిజరిన్ కూడా ఉంటాయి. డబ్ల్యూడీ-40 బిగుసుకున్న స్క్రూ వదులు చేయడానికి మంచిదే, కానీ పాయింట్లలో కందెనగా పనికిరాదు, అది వదిలే పొర దుమ్మును పట్టుకుంటుంది. ఆల్కహాల్ అయినా సరే రంగు వేసిన రేకు మీద వాడే ముందు కనపడని మూలలో ఒక చుక్క వేసి చూడాలి, కొన్ని పాత రంగులు లేచిపోతాయి.

ఆయిల్ ఎక్కడా వద్దా అంటే, కావాలి, చాలా కొద్ది చోట్ల. లివర్ తిరిగే ఇరుసుకు, టంగ్ రైల్ తిరిగే రివెట్టుకు కుట్టు మిషన్ ఆయిల్ గుండుసూది మొనకు అంటినంత. లోహానికీ ప్లాస్టిక్‌కూ రాపిడి ఉన్న చోట ప్లాస్టిక్‌కు పడే తెల్ల గ్రీజు, అదీ అగ్గిపుల్ల కొసతో. కాంటాక్టుల మీద ఏమీ వద్దు. గ్రాఫైట్ పొడి మంచిదని కొందరు వాడతారు. అది కరెంటును ప్రసరింపజేస్తుంది కాబట్టి కాంటాక్టులున్న మోటార్‌లో దాని జోలికి పోకపోవడమే మంచిది.

కాంటాక్టుల సంగతి ఇంకొంచెం చెప్పాలి. 022లో పాయింట్లు పూర్తిగా పడగానే ఆ కాయిల్‌కు కరెంటు ఆగిపోయేలా లోపల కాంటాక్టులు ఉంటాయి. ఇవి ఇత్తడి రేకులు, ఏళ్ళ తరబడి వాడకపోతే చిలుము పడుతుంది. చిలుము పట్టిన కాంటాక్టు కరెంటును పూర్తిగా ఆపదు, కొంత మింగేస్తుంది. అందుకే పాయింట్లు చనిపోకుండా బద్ధకిస్తాయి. విజిటింగ్ కార్డు నుంచి సన్నని ముక్క కత్తిరించి, ఆల్కహాల్‌లో తడిపి, కాంటాక్టుల మధ్య దూర్చి మెల్లగా లాగితే నల్లటి గీత దిగుతుంది. గీత పడనంత వరకు మళ్ళీ కొత్త ముక్కతో లాగాలి. గరుకు కాగితం వద్దు, రేకు పైపొర గీరుకుపోయి చిలుము ఇంకా త్వరగా పడుతుంది. పట్టాలు తుడవడానికి స్టీల్ ఊల్ అసలే వద్దు. దాని నలుసులు ఇంజన్ మోటార్ అయస్కాంతానికి అతుక్కుంటాయి, పాయింట్లలో పడితే షార్ట్ చేస్తాయి.

ఈ మోడల్‌లో ఇంకో విచిత్రం ఉంది. బండి తప్పు దారి నుంచి పాయింట్ల మీదికి వస్తే, పాయింట్లు వాటంతట అవే మారి దారి ఇస్తాయి. విడిగా ఉంచిన చిన్న పట్టా ముక్కలకు చక్రం తగలగానే కాయిల్ సర్క్యూటు పూర్తవుతుంది, అంతే కిటుకు. ఈ ఏర్పాటు పనిచేయాలంటే ఆ రెండు పట్టాల కొసల్లో ఫైబర్ పిన్నులే ఉండాలి. ఎప్పుడో ఒక పిన్ను విరిగితే ఎవరో ఇనుప పిన్ను పెట్టేస్తారు. అక్కడి నుంచి చక్రం తగలకపోయినా ఆ కాయిల్ సర్క్యూటు పూర్తవుతుంది. పాయింట్లు ఒక వైపే పడతాయి, రెండో వైపు నొక్కితే వెళ్ళి మళ్ళీ వచ్చేస్తాయి. మోటార్ విప్పే ముందు ఆ రెండు పిన్నులు ఒకసారి చూడండి. ఆయన దాంట్లో అవి సరిగ్గానే ఉన్నాయి.

కరెంటు ఎక్కడ కారిపోతోంది

చేత్తో తోస్తే తేలిగ్గా జరిగే పాయింట్లు బటన్‌కు మాత్రం బద్ధకిస్తున్నాయంటే ఇక బలం వైపు చూడాలి. మల్టీమీటర్‌ను కాయిల్ దగ్గరే పెట్టి, బటన్ నొక్కి పట్టిన ఆ ఒక్క సెకనులో రీడింగ్ తీసుకోవాలి. బటన్ నొక్కకుండా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర చూస్తే ఎప్పుడూ అంతా బాగానే కనిపిస్తుంది, ఎందుకంటే తీగలో కరెంటు పారనప్పుడు తీగ ఏమీ మింగదు.

లెక్క చూడండి. కాయిల్ 4 ఓంలు, సప్లయ్ 16 వోల్టులు అనుకుందాం. తీగ నష్టమేమీ లేకపోతే 4 ఆంపియర్లు పారతాయి. ఇప్పుడు కంట్రోల్ బోర్డు నుంచి పాయింట్ల దాకా 5 మీటర్లు, పోను రాను 10 మీటర్లు, కాలింగ్ బెల్లుకు వాడే 0.2 చదరపు మిల్లీమీటర్ల సన్న తీగ వేశాం. దాని నిరోధం మీటరుకు సుమారు 0.084 ఓం, మొత్తం 0.84 ఓం. కరెంటు 3.3 ఆంపియర్లకు పడిపోతుంది. వినడానికి చిన్న తేడానే, కానీ బలం కరెంటు వర్గాన్ని బట్టి కదా: మిగిలింది 68 శాతం. అదే దూరానికి 0.75 చదరపు మిల్లీమీటర్ల మామూలు ఫ్లెక్సిబుల్ వైరు వేస్తే 89 శాతం బలం మిగులుతుంది. వైరింగ్ సామాన్ల షాపులో దొరికే తీగ మార్చడం ఒక్కటే కొన్ని పాయింట్లను బాగుచేస్తుంది.

మన దగ్గర దీనికి తోడు లైను వోల్టేజి కూడా ఉంది. ఎండాకాలం సాయంత్రం ఏసీలు, కూలర్లు, బోరు మోటార్లు అన్నీ ఒక్కసారి నడిచే టైములో 230 ఉండాల్సింది 190కి పడితే, ట్రాన్స్‌ఫార్మర్ అవతలి వైపు కూడా అదే నిష్పత్తిలో పడుతుంది. బలం మళ్ళీ 68 శాతానికి వస్తుంది. సన్న తీగ, లో వోల్టేజి రెండూ కలిస్తే సగం బలం కూడా మిగలదు. పొద్దున బాగా పనిచేసి సాయంత్రం మొరాయించే పాయింట్లను విప్పకముందు ప్లగ్గు దగ్గర వోల్టేజి కొలవండి.

లయనెల్ 022 విషయంలో ఇంకో మెలిక ఉంది. విడిగా తీగ ఇవ్వకపోతే అది మధ్య పట్టా నుంచే కరెంటు తీసుకుంటుంది. బండిని నెమ్మదిగా నడపడానికి పట్టా వోల్టేజిని 10కి తగ్గించామంటే పాయింట్లకు కూడా ఆ 10 వోల్టులే అందుతాయి. 18 వోల్టుల దగ్గర వచ్చే బలంలో మూడోవంతు కూడా రాదు. దీనికోసమే ఆ కంపెనీ పాయింట్ల పక్కన ఒక సాకెట్ పెట్టి, దానిలో దూర్చే చిన్న ప్లగ్గు ఇచ్చింది. ప్లగ్గు పెట్టగానే పట్టాతో సంబంధం తెగి, ట్రాన్స్‌ఫార్మర్ స్థిరమైన వోల్టేజి నేరుగా మోటార్‌కు అందుతుంది. ఇక్కడికి వచ్చిన సెట్లలో ఆ ప్లగ్గు తరచూ కనపడకుండా పోయి ఉంటుంది. పాత మోడల్స్ విడిభాగాలు అమ్మేవాళ్ళ దగ్గర ఇంకా దొరుకుతుంది. మా లోకో పైలట్ అన్న పాయింట్లకు శుభ్రం చేయడం ఎంత ఉపయోగపడిందో ఈ ప్లగ్గు కూడా అంతే ఉపయోగపడింది.

అమెరికా నుంచి వచ్చిన సెట్టుతో అక్కడి ట్రాన్స్‌ఫార్మర్ కూడా వస్తుంది. అది 110–120 వోల్టులది, మన 230 నేరుగా ఇస్తే అసలుకే ఎసరు. వోల్టేజి తగ్గించే స్టెప్‌డౌన్ పెట్టి నడిపినా, 60 హెర్ట్జ్‌కు చేసిన పాత ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్జ్ మీద ఎక్కువ వేడెక్కుతుంది. పైగా డెబ్బై ఏళ్ళ నాటి రబ్బరు తీగ పగిలి ఉంటుంది. పిల్లలు చేయి పెట్టే వస్తువు కాబట్టి నా మాట గట్టిగానే చెబుతాను: ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను షోకేసులో పెట్టండి. 230 నుంచి 18 వోల్టులకు దించే, ప్రైమరీ సెకండరీ విడివిడిగా చుట్టిన 5 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడే చేయించుకోవచ్చు. రెండు వైపులా ఫ్యూజు పెట్టించి, మూసిన డబ్బాలో ఉంచాలి. బండికి ఒకటి, పాయింట్లకు ఒకటి వాడేటట్టయితే రెంటి కామన్ తీగలూ కలిపి, మిగిలిన రెండు కొసల మధ్య మీటర్ పెట్టి చూడండి. రెండూ ఒకే వోల్టేజిలో ఉన్నప్పుడు సున్నాకు దగ్గరగా చూపిస్తే ఫేజు కలిసినట్టు. రెట్టింపు చూపిస్తే ఒకదాని సెకండరీ కొసలు తారుమారు చేయాలి.

కాయిల్ కాలిపోతే

రెండు కాయిల్స్ నిరోధం దాదాపు సమానంగా ఉండాలి. ఒకటి బాగా తక్కువ చూపిస్తే లోపల చుట్లు ఒకదానికొకటి అంటుకున్నాయి, అంటే ఎప్పుడో కాలింది. అసలు రీడింగే రాకపోతే కంగారు పడొద్దు, చాలాసార్లు తెగేది బయటి కొస, టాంకా దగ్గర. భూతద్దంతో చూసి మళ్ళీ సోల్డర్ చేస్తే అయిపోతుంది.

నిజంగా కాలిన కాయిల్‌కు మన ప్రాంతంలో ఉన్న సౌకర్యం పెద్ద ఊళ్ళలోనూ సులువుగా దొరకదు. బోర్ల మీద వ్యవసాయం నడిచే చోట మోటార్ వైండింగ్ షాపులు లేని మండల కేంద్రం ఉండదు. పంపు మోటార్లు చుట్టే చేతికి ఈ చిన్న కాయిల్ కొత్తగా ఉంటుంది గానీ, పని అదే. పాత కాయిల్‌ను కత్తిరించి పారేయకుండా, చుట్టు తర్వాత చుట్టు విప్పుతూ లెక్క రాసుకోండి. తీగ మందం మైక్రోమీటర్‌తో కొలవండి, పైనున్న ఎనామెల్ కాల్చి తీసేశాక కొలిస్తే అసలు గేజి తెలుస్తుంది. చుట్ల సంఖ్య, గేజి, చుట్టిన దిశ మూడూ కాగితం మీద రాసి కాయిల్ చుట్టి ఉన్న బొంగుతో సహా ఇస్తే, అదే గేజి ఎనామెల్ తీగతో చుట్టి ఇస్తారు. బలం పెరుగుతుందని గేజి మార్చమనొద్దు. లావు తీగతో చుట్లు తగ్గితే కరెంటు పెరిగి మళ్ళీ కాలుతుంది.

కాయిల్ కాలడానికి అసలు కారణం ఎక్కువగా బటన్. ఈ కాయిల్స్ క్షణకాలం కరెంటుకు చేసినవి. బద్ధకించిన పాయింట్లు పడేదాకా అని బటన్ అదిమి పట్టుకుంటే కాసేపటికే వాసన వస్తుంది. హార్న్‌బీ, పెకో తరహా రెండు కాయిల్స్ మోటార్లకు దీనికి మంచి మందు కెపాసిటర్ సర్క్యూటు. 18 వోల్టుల ఏసీని బ్రిడ్జి రెక్టిఫయర్‌తో డీసీ చేసి, 100 ఓంల 10 వాట్ల రెసిస్టర్ గుండా 4700 మైక్రోఫారడ్, 35 వోల్టుల కెపాసిటర్‌ను నింపాలి, బటన్‌కు కరెంటు ఆ కెపాసిటర్ నుంచి వెళ్ళాలి. కెపాసిటర్ దాదాపు 24 వోల్టుల దాకా నిండుతుంది. బటన్ నొక్కగానే 4 ఓంల కాయిల్‌లో క్షణంపాటు 6 ఆంపియర్ల దాకా పారుతుంది, అంటే 4 ఆంపియర్లకు వచ్చే బలానికి రెండుంపావు రెట్లు. సెకనులో పదోవంతు గడవకముందే అది ఖాళీ అవుతుంది. ఆ తర్వాత బటన్ ఎంతసేపు నొక్కి పట్టినా రెసిస్టర్ గుండా వచ్చేది పావు ఆంపియర్ లోపే, కాయిల్ కాలదు. ఒకటిన్నర సెకన్లు ఆగి మళ్ళీ నొక్కొచ్చు. ఈ ఏర్పాటును 022కు పెట్టొద్దు. దాని లాంతరు బల్బు కూడా అదే సప్లయ్ మీద వెలుగుతూ కెపాసిటర్‌ను నిండనివ్వదు.

అయితే రెండుంపావు రెట్ల బలం జిడ్డును కూడా దాటేస్తుంది. శుభ్రం చేయకుండా కెపాసిటర్ పెడితే పాయింట్లు పడతాయి, కానీ ప్రతిసారీ కడ్డీ మీద సుత్తి దెబ్బ పడుతుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు పోతపోసిన జింకు భాగాల్లో సీసం కల్తీ ఉంటే లోహం లోపల్లోపలే పగుళ్ళు బారి ఉంటుంది, ఆ దెబ్బకు ముక్కలవుతుంది. అందుకే దీన్ని శుభ్రత, వైరింగ్ అయ్యాకే పెట్టాలి.

బాగైందని ఎలా తెలుస్తుంది

‘టక్’ శబ్దం వినిపిస్తే చాలదు. కాజీపేట లాంటి జంక్షన్‌లో, బల్లార్షా లైను 1929లో పూర్తయినప్పటి నుంచి ఢిల్లీ, మద్రాసు, సికింద్రాబాద్ దారులు కలుస్తున్న చోట, పాయింట్లు పడ్డాయో లేదో చెవితో తేల్చరు. సిగ్నల్ సిబ్బంది టంగ్ రైల్‌కూ దాని పక్కన కదలకుండా ఉండే స్టాక్ రైల్‌కూ మధ్య, కొస నుంచి 150 మిల్లీమీటర్ల దూరంలో 5 మిల్లీమీటర్ల మందం ముక్క పెట్టి మోటార్ నడిపిస్తారు. ఆ ముక్క ఉండగా పాయింట్లు లాక్ కాకూడదు. లాక్ అయితే ఆ మెషిన్ అబద్ధం చెబుతోందన్నమాట. 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్‌లో 5 మిల్లీమీటర్ల ఖాళీనే అంత సీరియస్‌గా తీసుకుంటే, మన బొమ్మ పట్టాల దగ్గర వెంట్రుక మందం ఖాళీ కూడా లెక్కలోకి వస్తుంది.

ఇంట్లో చేసే పరీక్ష దీనికి కొంచెం తిరగేసి ఉంటుంది. నోట్‌బుక్ కాగితం సన్నని ముక్కను టంగ్ రైల్‌కూ పక్క పట్టాకూ మధ్య పెట్టి, బటన్‌తో పాయింట్లు వేయండి. కాగితాన్ని లాగితే బిగువుగా తగలాలి. ఊరికే జారి వచ్చేస్తే పట్టా పూర్తిగా ఆనలేదు, చక్రం అంచు ఆ సందులో దూరుతుంది. రెండు వైపులా చూడాలి. సాయంత్రం లో వోల్టేజి టైములో ఇంకోసారి చూడాలి. అప్పుడు కూడా కాగితం బిగిస్తే ఆ పాయింట్లను నమ్మొచ్చు.

తర్వాత పెద్ద మెయింటెనెన్స్ అంటూ ఏమీ ఉండదు. బండి నడపకపోయినా నెలకోసారి అన్ని పాయింట్లనూ అటూ ఇటూ కొన్నిసార్లు వేయాలి, కదిలే కాంటాక్టుకు చిలుము పట్టదు. లేఅవుట్ మీద పాత నూలు దుప్పటి కప్పొద్దు, ప్లంజర్ మీద దొరికే పోగులు దానివే. మందపాటి ప్లాస్టిక్ షీట్ నయం. లాంతరు బల్బు మార్చాల్సి వస్తే 18 వోల్టులదే వేయాలి, ఎక్కువ కరెంటు తాగే బల్బు వేడికి ప్లాస్టిక్ మూత వంగిపోతుంది.

అటక ఎక్కించేటప్పుడు మాత్రం పట్టుచీరల అలవాటు ఇక్కడికి తేవద్దు. కలరా ఉండల ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌లను, ముఖ్యంగా పాలీస్టైరీన్‌ను మెత్తబరుస్తుంది; కొన్నేళ్ళకు లాంతరు మూతలు, పెట్టెల బాడీలు జిగటగా తేలతాయి. ఒక్కో పాయింట్ల జతను విడిగా కాగితంలో చుట్టి, మూత బిగిసే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. ఏ తీగ ఏ కాయిల్‌దో రాసిన చీటీ కూడా అదే డబ్బాలో వేయండి. తేమ పీల్చుకున్న సిలికా జెల్‌ను ఆరబెట్టడానికి ఎండ వేడి చాలదు, వానాకాలం ముందు కొత్త పొట్లాలు వేయండి.